ఎడమ ఎరుపు, కుడి పచ్చ

యానాంలో ఉంటున్న మా అక్క కొడుకు 2024లో ఒక కయాక్ కొన్నాడు. ఒక్క మనిషి కూర్చుని తెడ్డుతో నడుపుకునే సన్నని పడవ అది. సాయంత్రం పని నుంచి రాగానే గౌతమి మీదికి పోతాడు. "చీకట్లో నీళ్లేమిట్రా?" అని అక్క గోల పెడితే, పడవ ముక్కుకి ఎరుపు, పచ్చ బల్బులు రెండు బిగించాడు.

ఆ ఏడు కార్తీకంలో ఒక రాత్రి వీడు నది దాటుతుంటే మరపడవ ఒకటి ఎదురైంది. దాని సరంగుకి పచ్చ దీపం కనబడింది. ఈ పడవ తన కుడికి పోతోందనుకుని ఆయన ఎడమకు తిప్పాడు. తీరా మనవాడు పోతున్నదీ ఎడమకే! బారెడు దూరంలో తప్పింది. "దీపాలు తిరగేసి కట్టావు బాబూ" అన్నాట్ట సరంగు.

ఆ కబురు విన్నాక నిబంధనలు తెప్పించి చదివాను. (సర్క్యులర్లు చదవడం మాకు అలవాటే.) ఓడలు ఒకదానినొకటి ఢీకొనకుండా 1972లో కుదిరిన అంతర్జాతీయ నిబంధనలివి, 1977 జులైలో అమలులోకి వచ్చాయి. పడవకు ఎడమవైపు ఎరుపు, కుడివైపు పచ్చ, వెనక తెలుపు. ఏ రంగు కనబడుతోందో చూసి, ఎదుటి పడవ ఎటు పోతోందో పోల్చుకుంటారు. కామర్స్ చదివినవాడికి ఇది మరచిపోయే విషయం కాదు. ఎడమ డెబిట్, కుడి క్రెడిట్. అప్పు ఎరుపు, జమ పచ్చ.

అయితే నన్ను ఆశ్చర్యపరచింది 25వ నిబంధన. తెడ్డుతో నడిచే పడవకి ఈ రంగు దీపాలు పెట్టుకుంటే పెట్టుకోవచ్చు, తప్పనిసరి కాదు. పెట్టకపోతే మాత్రం తెల్లని వెలుగునిచ్చే టార్చో లాంతరో చేతికందేలా ఉండాలి. ఢీకొనే ప్రమాదం తప్పేటంత ముందుగా దాన్ని చూపాలి. ఆ "ముందుగా" అన్నదే అసలు సంగతి. కయాక్‌లో మనిషి నీటిమట్టానికి రెండు మూడడుగుల ఎత్తుకి మించి కనబడడు. అవతల ఇంజను చప్పుడులో ఇతని కేక వినబడదు. టార్చి సంచి అడుగున ఉంటే, దాన్ని తీసేలోపు పడవ మీదికి వచ్చేస్తుంది.

అందుకని టార్చిని తాడుతో లైఫ్ జాకెట్‌కే కట్టించాను. వెనక ఒక కర్ర నిలబెట్టి, తలకంటే ఎత్తున తెల్లదీపం పెట్టించాను. ముందు పెడితే ఆ వెలుగు మన కళ్లకే కొడుతుంది. చీకటికి అలవాటుపడిన చూపు చెదిరితే మళ్లీ కుదురుకోవడానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. నుదుటికి కట్టుకునే లైటుతోనూ ఇదే చిక్కు. పైగా తల తిప్పినప్పుడల్లా అవతల సరంగు కళ్లలో పడుతుంది. మిణుకుమిణుకుమనే లైట్లు మరీ వద్దు, వాటిని బట్టి దూరం అంచనా కట్టడం కష్టం. తెడ్డు రేకులకి వెలుగు పడితే మెరిసే టేపు అంటించాం. టార్చి వేసి తెడ్డు ఊపితే దూరానికి బాగా ఆనుతుంది.

ఇంత చేశాకా అక్క రేవుకి వెళ్లి నిలబడడం మానలేదు. ఆ ఎరుపు, పచ్చ బల్బులు మాత్రం సంక్రాంతికి వాళ్లింటి బొమ్మల కొలువులో వెలిగాయి.