ఒక్క రాత్రికేనా?

"ఒక్క రాత్రికి సర్దుకోలేవూ, వదినా?" అంది మా ఆడపడుచు. సర్దుకోలేనమ్మా. అచ్చులో చెబుతున్నాను కాబట్టి ఆవిడ చదివినా చదువుతుంది. చదవనీ.

ఆవిడ కొడుకు పెళ్ళి ఊరేగింపులో బీరువాలంతేసి డీజే బాక్సుల వెనక గంటన్నర నడిచాను. చేతిలో హారతి పళ్ళెం, చెవులు మూసుకుందామన్నా వీల్లేదు. ఇంటికొచ్చి తలుపేసుకున్నాక ఎడమ చెవిలో మొదలైంది, కుక్కరు విజిలేసే ముందు సన్నగా కూస్తుందే, అలాంటి కూత. వంటింట్లోకెళ్ళి చూసొచ్చాను కూడా. స్టవ్ ఆర్పే ఉంది!

ఈ కూత నాకు పాతదే. మామూలు రోజుల్లో దాన్ని మరిచిపోయి నా పని నేను చేసుకుంటాను. పెద్ద మోత తగిలితే నిద్రలేస్తుంది. ఈసారి మళ్ళీ సద్దుమణగడానికి పదిహేను రోజులు పట్టింది. నిశ్శబ్దంగా ఉంటే తగ్గుతుందని చెవిలో దూది కుక్కుకుని గది తలుపులు మూసుకుంటే ఇంకా పెరిగింది. చెవుల డాక్టరుగారు కోప్పడ్డారు. చుట్టూ ఏదో ఒక మెత్తని చప్పుడుంటేనే మనసు దానిమీంచి మళ్ళుతుందట. చలికాలంలో ఫ్యాను వేసుకుని పడుకున్నాం. మావారు రెండు దుప్పట్లు కప్పుకుని నన్నేమీ అనలేదు, పాపం.

లోపలి చెవిలో సన్నని వెంట్రుకల్లాంటి కణాలుంటాయట. అలిసిపోతే కోలుకుంటాయి గాని చచ్చిపోతే మళ్ళీ మొలవవు. 85 డెసిబెల్స్ మోత ఎనిమిది గంటలు భరించవచ్చు, 100 అయితే పావుగంటే అని లెక్క చెప్పారు. వినికిడి తగ్గినట్టనిపిస్తే మాత్రం రేపు మాపు అనకుండా వెంటనే రమ్మన్నారు.

"మన సన్నాయీ డోలూ మోత కాదా?" అంటారు. మోతే. కానీ గట్టిమేళం తాళి కట్టే కాసేపే. పైగా సన్నాయి ఊదే మనిషికి ఊపిరి అయిపోతుంది. బాక్సుకి అయిపోదే!

రాత్రి పదినుంచి పొద్దున్న ఆరుదాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు కూడదని 2000లోనే నిబంధనలొచ్చాయి. ఇళ్ళున్నచోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. హైదరాబాదు పోలీసులు 2024లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలే వద్దన్నారు. మా వీధి ఊరేగింపు పదకొండున్నరకి ఇంకా మలుపు తిరగలేదు. ఫోన్ చేస్తే, "పెళ్ళి కదమ్మా" అన్నారు.

నా సంగతలా ఉంచండి. నా ముందు ఒకమ్మాయి ఏడాది పిల్లాణ్ణి చంకనేసుకుని బాక్సు పక్కనే నడిచింది. వాడు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి నిద్రపోయాడు. "చూశావా, పసివాడికే లేదు ఇబ్బంది!" అన్నారెవరో. నేను నోరు విప్పలేదు. విప్పినా ఆ మోతలో ఎవరికి వినిపిస్తుందనుకున్నాను. ఆ తల్లి భుజం తట్టడానికి మాట అక్కర్లేదు కదా అని ఇప్పుడనిపిస్తోంది.

వచ్చే నెల ఆడపడుచుగారి గృహప్రవేశం. "డీజే ఉంది, దూది తెచ్చుకో" అని ముందే కబురు. దూది నా దేవుడి వత్తులకి కావాలి. పొద్దున్నే వస్తాను, పాలు పొంగిస్తాను, వడ్డనలోనూ సాయం చేస్తాను. సాయంత్రం ఆ బాక్సులు వ్యానులోంచి దిగేవేళకి నేను బస్సులో ఉంటాను. అలిగితే అలగనీ.