ఇంటి ముచ్చట్లు: తల తెగిన ఫోటోలు

ఈ మాసం ఫోటోలను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచాము.

మా మేనల్లుడికి ఫోటోలు తీయడమంటే ప్రాణం. పెండ్లిళ్లు, చెరువుగట్టు, వరికోతలు, ముసలివారి ముఖాలు, ఏదీ వదలడు. తన ఫోటోల కొరకు సొంతంగా ఒక వెబ్‌సైటు కూడా పెట్టుకున్నాడు. వాళ్ల నాయనమ్మ మంచాన పడినప్పుడు ఆమె ఫోటోలు నలభై అందులో ఉంచి, కువైట్‌లో ఉన్న బాబాయికి కబురు చేశాడు. ఆయన డ్యూటీ దిగి గదికి వచ్చి ఫోను తెరిస్తే తెల్లని పేజీ మీద చక్రం తిరుగుతూనే ఉందట. చివరకు తెరుచుకున్న వాటిలో చీర కనబడింది, చేతులు కనబడ్డాయి, ముఖం మాత్రం లేదు. "మా అమ్మ తల ఏదిరా?" అని ఆయన అడిగిన మాట మాకు ఇప్పటికీ వినబడుతోంది.

ఆ రాత్రే వాడితో కూర్చున్నాము. కెమెరాలో నుండి తీసినవి తీసినట్టే ఎక్కించాడు. ఒక్కొక్క ఫోటో 4000 చుక్కల వెడల్పు, 3000 చుక్కల ఎత్తు, అంటే కోటీ ఇరవై లక్షల చుక్కలు. ఒక్కోటి ఆరు మెగాబైట్లు. నలభై కలిస్తే 240. ఫోను తెర వెడల్పేమో వెయ్యి చుక్కలకు అటూ ఇటూ. గ్లాసులో బిందెడు నీళ్లు పోస్తే ఏమి ప్రయోజనం? అసలు ఫోటోలను భద్రంగా వేరే దాచి, పొడవు వైపు 1600 చుక్కలకు తగ్గించిన నకళ్లు చేయించాము. జేపెగ్ నాణ్యత 80 దగ్గర పెట్టగా ఒక్కోటి 350 కిలోబైట్లకు దిగింది. అన్నీ కలిపి 14 మెగాబైట్లే. కంటికి తేడా తెలియలేదు.

ఇక తల సంగతి. పేజీ వరుసగా కనబడాలని వాడు అన్నిటినీ చదరంగా కత్తిరించే ఏర్పాటు పెట్టాడు. నిలువు ఫోటోను మధ్యలో చదరం చేస్తే పైన తల, క్రింద పాదాలు పోతాయి. ఫోటో ఏ ఆకారంలో ఉంటే అలాగే చూపించమన్నాము. వరుస కాస్త ఎగుడుదిగుడైతే ఏం?

ఎర్రంచు చీర వెలిసిపోయినట్టుండడానికి కారణం వేరు. కెమెరాలో రంగుల పద్ధతి అడోబ్ ఆర్‌జీబీ మీద ఉంది. తెరలకు మామూలుగా సరిపడేది 1996లో మైక్రోసాఫ్ట్, హెచ్‌పీ కలిసి ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీ. దానిలోకి మార్చగానే ఎరుపు తిరిగి వచ్చింది. వెనుక వేసిన పూల డిజైను కూడా తీయించాము. వాడు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఫోనుతో తీసిన ఫోటో లోపల, లొకేషన్ ఆన్‌లో ఉంటే, తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా నమోదవుతుంది. ఇంటి ఫోటోలు, పిల్లల ఫోటోలు నలుగురికీ కనబడేలా పెట్టేముందు దానిని తీసివేయండి. ప్రతి ఫోటోకు ఒక వాక్యం వ్రాసి జతచేయండి. చూపులేని వారికి ఫోను దానిని చదివి వినిపిస్తుంది.

మరునాడు బాబాయి మళ్లీ తెరిచి చూశారు. ఫోను చెవిదగ్గరే ఉంది గాని చాలాసేపు మాట లేదు. తరువాత, "అమ్మకు కళ్లజోడు ఎప్పుడు మార్చారురా?" అని అడిగారు.