కాన్ఫిగరేషన్ ఫైలు కూడా దస్తావేజే

ప్రోగ్రాము వ్రాయడం విద్య అనీ, కాన్ఫిగరేషన్ ఫైలు నింపడం గుమాస్తా పని అనీ ఒక అపోహ ప్రబలి ఉన్నది. కంప్యూటరు శాస్త్రాన్ని అభ్యసించే విద్యార్థులలో ఈ భావం మరింత దృఢంగా కనిపిస్తుంది. ఇది సరియైనది కాదని నా అభిప్రాయం. పెద్ద యంత్రాల విషయంలో ఆ ఫైలు కేవలం పూరించదగిన ఫారం కాదు. బాధ్యతతో సంతకం చేయదగిన దస్తావేజు.

బ్యాంకులు, బీమా సంస్థలు అనేకం నేటికీ మెయిన్‌ఫ్రేమ్ యంత్రాలను వినియోగిస్తున్నాయి. వాటిలో పెక్కింటికి ఐ.బి.ఎం. సంస్థ 1969లో విడుదల చేసిన సి.ఐ.సి.ఎస్. అనే మధ్యవర్తి వ్యవస్థ ఆధారం. ఖాతాదారుని అభ్యర్థనను స్వీకరించి, తగిన ప్రోగ్రామును నడిపి, సమాధానం పంపడం దాని విధి. సమాచారాన్ని పరస్పర సంబంధం గల పట్టికలుగా భద్రపరచవచ్చునని 1970లో ఇ.ఎఫ్. కాడ్ ప్రతిపాదించిన సిద్ధాంతం, 1983లో ప్రకటింపబడిన డి.బి.2 రూపంలో ఈ యంత్రాలపై స్థిరపడింది. ఈ రెండింటి నడుమ ఒప్పందం కుదుర్చునదే మనం చెప్పుకొనే ఫైలు.

ఆ ఒప్పందంలో మొదటి అంశం సంఖ్య. ఒకేసారి ఎన్ని థ్రెడ్లు, అనగా ఎన్ని పనిమార్గాలు, తెరువవచ్చునో సి.ఐ.సి.ఎస్. పక్షాన ఒకచోట, డి.బి.2 పక్షాన మరొకచోట వ్రాయవలెను. ఉదాహరణకు రెండు సి.ఐ.సి.ఎస్. వ్యవస్థలకు చెరి 300 చొప్పున అనుమతించి, డి.బి.2 పరామితులలో మొత్తం 500 అని వ్రాశామనుకొందాం. విడివిడిగా చూస్తే ఏ ఫైలులోనూ దోషం లేదు. యంత్రం దేనినీ తిరస్కరించదు. కాని రద్దీ వేళ రెండు వ్యవస్థలూ నిండినప్పుడు 100 అభ్యర్థనలు డి.బి.2 వాకిట వేచి ఉండవలసి వస్తుంది. పండుగ ముందునాడు బ్యాంకు వరుసలో నిలిచిన మనిషికి ఆ ఆలస్యానికి కారణం ఎన్నటికీ తెలియదు.

రెండవ అంశం మరింత గంభీరమైనది. డి.బి.2లోనికి ఎవరి పేరున ప్రవేశించాలన్నది ఆథ్‌టైప్ అనే ఒక్క మాట నిర్ణయిస్తుంది. అక్కడ యూజర్‌ఐడి అని వ్రాస్తే పని చేసిన ఉద్యోగి గుర్తింపే లోనికి వెళ్ళుతుంది. సైన్ అని వ్రాస్తే అందరి పనీ ఒకే ఉమ్మడి పేరున సాగుతుంది. ఉమ్మడి పేరును సమర్థించేవారి వాదనలో బలం లేకపోలేదు. తెరిచిన మార్గాన్నే తరువాతివారికి వాడుకొనవచ్చును. పేరు మారినప్పుడల్లా జరిగే తనిఖీ తప్పుతుంది. యంత్రకాలం ఆదా అవుతుంది. అయితే ఒక ఖాతాలోని మొత్తం అన్యాయంగా మారిననాడు, మార్చినది ఎవరని అడిగితే డి.బి.2 చిట్టా ఆ ఉమ్మడి పేరునే చూపుతుంది. ప్రోగ్రాములో గాని, సి.ఐ.సి.ఎస్. లెక్కలలో గాని వేరే ఏర్పాటు లేకపోతే దోషి తప్పించుకొనవచ్చు, నిరపరాధి అనుమానం పాలు కావచ్చు. కొద్దిపాటి వేగానికి ఇది తగిన మూల్యమా అన్న ప్రశ్నను యంత్రం తేల్చలేదు, మనుష్యులే తేల్చవలెను.

నేను ఉమ్మడి పేరును నిషేధించమనడం లేదు. ఎంచుకొన్నవారు కారణం వ్రాయాలంటున్నాను. సి.ఐ.సి.ఎస్.లో ఇటువంటి నిర్వచనానికి 58 అక్షరాల వివరణ వ్రాయుటకు చోటు కలదు. నిర్వచనాలను సమర్పించే ఫైలులోనూ పంక్తి మొదటి స్థానంలో నక్షత్రం గుర్తు ఉంచి వ్యాఖ్య వ్రాయవచ్చును. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్న మూడు ముక్కలకు ఆ చోటు చాలును. పాత ఫైలును నకలు చేసి, పేర్లు మార్చి పని ముగించే అలవాటు ఈ మూడింటినీ హరిస్తుంది. నిన్నటి అవసరానికి వ్రాసిన సంఖ్య రేపటికి శాసనమై కూర్చుంటుంది.

ఇంటి కాగితాన్ని ఉర్దూ మాట్లాడేవారూ, తెలుగు మాట్లాడేవారూ దస్తావేజు అనే అంటారు. చదువని దస్తావేజుపై వేలిముద్ర వేయరాదన్నది ఉభయులకూ తెలిసిన నీతి. రేపు ఉద్యోగాలలో ప్రవేశించే మన విద్యార్థులు ఆ నీతిని యంత్రాల ముందు కూడా పాటించవలెను. అందుకు పునాది కళాశాలలోనే పడాలి. ప్రయోగ పరీక్షలో ప్రోగ్రాముతోపాటు, దాని కాన్ఫిగరేషన్ ఫైలులోని ఒక్కొక్క పంక్తికీ కారణం చెప్పమని ఒక ప్రశ్న చేర్చవలసినదిగా అధ్యాపకులకు నా మనవి.