మందూ కావాలి, దువా కూడా కావాలి

మన నగరంలో ఎవరైనా నాలుగు మాటలు పొంతన లేకుండా మాట్లాడితే చాలు, "వీణ్ని ఎర్రగడ్డకు తీసుకుపోండి" అని నవ్వుకోవడం చాలాకాలంగా ఉన్న అలవాటు. ఎర్రగడ్డలో ఉన్నది ప్రభుత్వ మానసిక చికిత్సాలయం. కంటి జబ్బుకు సరోజినీ దేవి ఆసుపత్రి ఎలాగో, మనసు జబ్బుకు ఎర్రగడ్డ ఆసుపత్రి అలాగే. కాని కంటి ఆసుపత్రి పేరు తిట్టు కాలేదు, ఎర్రగడ్డ పేరు తిట్టయింది. అసలు చిక్కంతా ఇక్కడే ఉన్నది.

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రో రైలు మొదలైంది. నాటి నుంచి ఎల్.బి.నగర్‌లోగాని, దిల్‌సుఖ్‌నగర్‌లోగాని ఎక్కినవారు రైలు మారకుండా ఎర్రగడ్డలో దిగవచ్చు. దూరం అనే సాకు పోయింది. అయినా మన కుటుంబాలలో చాలామంది నడిచే దారి వేరే ఉన్నది. మొదట ఆమిల్ దగ్గరకు, తర్వాత దర్గాకు, అక్కడ కూడా నయం కాకపోతే పెళ్లిపందిరికి. "పెళ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు" అనే సామెత పెద్దలు ఊరకే పుట్టించలేదు. ఆ పెళ్లితో ఇంకొక ఇంటి ఆడపిల్ల బతుకు కూడా చిక్కులో పడిన తర్వాత, అన్నిటికన్నా చివర వైద్యుడు గుర్తుకు వస్తాడు. అప్పటికి రెండు మూడేళ్లు గడిచిపోతాయి. మొదటి నెలల్లో సులభంగా లొంగే జబ్బు అప్పటికి మొండి జబ్బవుతుంది.

ఇది ఎవరి ఇంట్లోనో జరిగే సంగతి కాదు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. పెద్దలలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారని తేల్చింది. మన రెండు తెలుగు రాష్ట్రాలు ఆ 12లో లేవు. అయినా మన పరిస్థితి అంతకంటే ఎంతో మెరుగని అనుకోవడానికి ఆధారం ఏమున్నది? జుమా నమాజులో ఒక్క సఫ్‌లో భుజం భుజం ఆనించి పదిమంది నిలబడితే, లెక్క ప్రకారం వారిలో ఒకరు లోలోపల ఈ బాధ మోస్తున్నవారే. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదని కూడా అదే సర్వే చెప్పింది.

చికిత్స అనగానే మనకు డాక్టరు, మాత్రలు, ఇంజెక్షను, కరెంటు షాకు గుర్తుకు వస్తాయి. కాని ఆసుపత్రిలో రోగి పక్కన రాత్రింబవళ్లు ఉండేది నర్సు. డాక్టరు పది నిమిషాలు చూసి వెళతాడు. రోగి మాత్ర మింగాడా, నాలుక కింద దాచుకున్నాడా, రాత్రి నిద్రపోయాడా, ఎవరితోనైనా మాట్లాడాడా, చావు మాట ఎత్తాడా అన్నది నర్సుకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. మానసిక నర్సింగ్ అనేది ఒక ప్రత్యేక విద్య. రోగితో నర్సు పెంచుకునే సంబంధమే వైద్యంలో భాగమని అమెరికాకు చెందిన హిల్డెగార్డ్ పెప్లో 1952లోనే గ్రంథం రాశారు. ఈ రంగంలో నాటి నుంచి సాగుతున్న పరిశోధనలు మన ఇళ్లకు పనికివచ్చే సంగతులు ఎన్నో చెబుతున్నాయి. వాటిలో కొన్నిటిని ఈ పేజీ పాఠకుల ముందు ఉంచదలిచాము.

మొదటిది, మాట తీరు. ఇంగ్లండులో లెన్ బోవర్స్ అనే నర్సింగ్ ప్రొఫెసరు నాయకత్వంలో 'సేఫ్‌వార్డ్స్' అనే విధానాన్ని 15 ఆసుపత్రులలోని 31 మానసిక వార్డులలో పరీక్షించారు. ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఈ విధానంలో కొత్త మందు ఏదీ లేదు. రోగితో మెత్తగా మాట్లాడడం, కోపం వచ్చినప్పుడు వాదించకుండా శాంతపరచడం, చెడు వార్త చెప్పవలసి వస్తే ముందే సిద్ధపరచడం, రోగి గురించి నలుగురిలో ఒక మంచి మాట చెప్పడం వంటి పది చిన్న పద్ధతులు ఉన్నాయి. ఇంతమాత్రానికే వార్డులలో గొడవలు 15 శాతం తగ్గాయి. రోగిని పట్టి బంధించడం, ఒంటరి గదిలో వేయడం వంటి చర్యలు 26 శాతం తగ్గాయి. చదువుకున్న నర్సులే నేర్చుకుని మరీ ఆచరిస్తున్న ఈ మెత్తని మాటను మన ఇళ్లలో ఆచరించడానికి ఏం ఖర్చవుతుంది?

రెండవది, ఇంటి వాతావరణం. సూటిపోటి మాటలు, ద్వేషం, ఊపిరాడనివ్వని అతిజాగ్రత్త ఉన్న ఇళ్లకు తిరిగి వెళ్లిన స్కిజోఫ్రీనియా రోగులకు జబ్బు ఎక్కువగా తిరగబెడుతుందని లండన్ పరిశోధకులు 1970లలో చూపారు. అదే కొలబద్దతో చండీగఢ్‌లో పరిశీలించగా, అక్కడి కుటుంబాలలో ఇటువంటి మాటలు లండన్ కుటుంబాల కంటే చాలా తక్కువగా ఉన్నట్లు 1987లో ప్రచురించారు. మన ఉమ్మడి కుటుంబం, మన ఓర్పు రోగికి మందులాంటివన్నమాట. అంతకు ముందే 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగితోపాటు కుటుంబ సభ్యులను కూడా ఉంచుకుని, వారికి సేవ చేసే తీరు నేర్పారు. అమ్మీ చేతి అన్నం తింటూ కోలుకున్న రోగి త్వరగా ఇల్లు చేరాడు. కుటుంబమే మన బలమని పొంగిపోయి ఊరుకుంటే చాలదు, ఆ కుటుంబానికి నేర్పేవారు కూడా ఉండాలి. నేర్పవలసినది నర్సు.

మూడవది, మందు మానివేయడం. "ఇప్పుడు బాగానే ఉన్నాడు, ఇంకా మందులెందుకు? అలవాటైపోతాయి" అని రెండు నెలలకే ఆపివేయడం మనలో సర్వసాధారణం. 65 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. స్కిజోఫ్రీనియా మందులు కొనసాగించినవారిలో ఏడాదిలోగా నూటికి 27 మందికి జబ్బు తిరగబెడితే, ఆపివేసినవారిలో 64 మందికి తిరగబెట్టింది. మందు ఆపాలా, తగ్గించాలా అన్నది డాక్టరు చెప్పవలసిన మాట. పక్కింటివారో పెళ్లిచూపులకు వచ్చినవారో చెప్పవలసిన మాట కాదు. ఈ మందులతో కొందరికి బరువు, షుగరు పెరుగుతాయి. వాటిని ఎప్పటికప్పుడు చూస్తూ ఉండడం కూడా మానసిక నర్సు పనిలో భాగమే.

ఇక్కడ రంజాన్ ప్రస్తావన తప్పదు. మనసు జబ్బుకు లిథియం వాడేవారు మనలో ఉన్నారు. పగలంతా నీరు తాగకపోతే ఒంట్లో ఆ మందు పాళ్లు మారే ప్రమాదం ఉన్నది. మొరాకోలో 20 మంది రోగులపై జరిపిన ఒక చిన్న అధ్యయనం 2000లో వెలువడింది. రంజాన్ కాలంలో వారిలో దాదాపు సగం మందికి జబ్బు తిరగబెట్టింది. పెషావర్‌లో 62 మందిపై జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో మాత్రం అటువంటి ఇబ్బంది కనబడలేదు. రెండూ చిన్న అధ్యయనాలే. వీటిని బట్టి అందరూ ఉపవాసం ఉండవచ్చుననిగాని, ఎవరూ ఉండరాదనిగాని తీర్పు చెప్పలేము. చెప్పగలిగింది ఒక్కటే: షాబాన్ నెలలోనే డాక్టరును కలిసి అడగాలి. అడగకుండా మందు వేళలు మార్చరాదు. రోగికి దీన్ ఇచ్చిన సడలింపు గురించి ఇమాం సాహెబును అడిగి తెలుసుకోవడంలో నామోషీ లేదు.

దర్గాల సంగతి కూడా దాచుకోకుండా మాట్లాడుకోవాలి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ప్రైవేటు మానసిక ఆశ్రమానికి నిప్పంటుకుంది. దర్గా చుట్టూ వెలసిన ఇటువంటి పాకలలో రోగులను గొలుసులతో కట్టివేసి ఉంచేవారు. పారిపోయే దారి లేక 28 మంది కాలిపోయారు. వారిని అక్కడికి తెచ్చింది శత్రువులు కాదు, నయమవుతుందనే ఆశతో సొంత కుటుంబాలే. 2018లో అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో బంధించడాన్ని స్పష్టంగా నిషేధించింది. ఇంట్లో వెనుక గదిలో తాళం వేసి ఉంచడం గొలుసుకు తమ్ముడే.

అయితే దర్గాకు వెళ్లేవారిని ఎగతాళి చేయడం మా ఉద్దేశం కాదు. గుజరాత్‌లో మెహసానా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో 2008 నుంచి 'దవా, దువా' అనే కార్యక్రమం నడిచింది. దర్గా ముజావర్లకు మానసిక జబ్బుల లక్షణాలను నేర్పారు. దువా కోసం వచ్చినవారిని వారే పక్కనే ఉన్న వైద్యుల వద్దకు పంపారు. ముజావర్ చెప్పాడు కాబట్టి రోగి మందు వేసుకున్నాడు. మన చుట్టుపక్కల దర్గాల వారు, మస్జిద్ కమిటీల వారు ఇటువంటి పని ఎందుకు చేయరాదు?

నిజానికి ఈ వైద్యం మనకు పరాయిది కాదు. డమాస్కస్‌లో 1154లో, కైరోలో 1284లో కట్టిన పెద్ద ఆసుపత్రులలో మనసు చెదిరినవారికి కూడా చోటు ఉండేది. పదవ శతాబ్దంలో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ, శరీరానికి వచ్చినట్లే మనసుకూ జబ్బులు వస్తాయని, వైద్యులు రెండోదాన్ని పట్టించుకోవడం లేదని రాశారు. ప్రవక్త కాలంలో గాయపడినవారికి గుడారం వేసి సేవలు చేసిన రుఫైదా గురించి మన పిల్లలకు చెబుతూనే ఉంటాము. ఆమె చేసిన పనినే మన అమ్మాయి చేస్తానంటే మాత్రం "నైట్ డ్యూటీలా? సంబంధాలు రావు" అంటాము. ఇదేమి న్యాయం?

ఈ మాట ఊరకే అనడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఇచ్చిన లెక్కల ప్రకారం మన దేశంలో లక్ష మందికి ఒక్క మానసిక నర్సు కూడా లేరు. బి.ఎస్సీ. నర్సింగ్, జి.ఎన్.ఎం. చదివినవారు మరొక ఏడాది చదివితే సైకియాట్రిక్ నర్సింగ్ డిప్లొమా వస్తుంది. మలక్‌పేట, సైదాబాద్, మూసారాంబాగ్ ఇళ్లలో తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడే ఒక తల్లి తన బాధను ఎవరికి చెప్పుకుంటుంది? డాక్టరు ముందు నోరు పెగలని ఆమె, తన భాషలో "ఏమైందమ్మీ" అని పలకరించే నర్సు ముందు గుండె విప్పుతుంది. అటువంటి నర్సులు మన ఇళ్లలో నుంచే రావాలి.

దిల్‌సుఖ్‌నగర్‌కు ఈ అవసరం మరీ ఎక్కువ. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఇక్కడ జరిగిన జంట పేలుళ్లలో ఎందరో ప్రాణాలు పోయాయి, 100 మందికి పైగా గాయపడ్డారు. ఒంటి గాయాలకు కట్లు కట్టారు. కాని టైరు పగిలినా ఉలిక్కిపడి లేచే మనిషికి కట్టు ఎక్కడ కట్టాలి? చైతన్యపురి నుంచి ఎల్.బి.నగర్ దాకా కోచింగ్ సెంటర్లు, కాలేజీలు, హాస్టళ్లు. నల్గొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన పిల్లలు ఇరుకు గదులలో ర్యాంకుల కోసం కుస్తీ పడుతున్నారు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత రాష్ట్రంలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తల్లిదండ్రుల కడుపుకోత ఏ మతం వారిదైనా ఒక్కటే.

కాబట్టి అడగవలసినవి అడుగుదాం. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలంలో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అందులో మానసిక వైద్య విభాగం, దానికి శిక్షణ పొందిన నర్సులు ఉండాలని ఈ ప్రాంత ప్రజలందరితో కలిసి కోరుదాం. రోగి ఇంటికి వచ్చిన తర్వాత అతని మంచిచెడ్డలు చూసే బాధ్యత బస్తీ దవాఖానాల నర్సులకు అప్పగించాలని అడుగుదాం. ఇది గొంతెమ్మ కోరిక కాదు. తమిళనాడు, గోవా, మహారాష్ట్రలలో శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తలు స్కిజోఫ్రీనియా రోగుల ఇళ్లకు వెళ్లి తోడ్పడగా, ఆసుపత్రి వైద్యం మాత్రమే అందినవారికంటే వారి పరిస్థితి కొంత మెరుగుపడిందని 2014లో లాన్సెట్‌లోనే వెలువడింది. మెరుగు కొంతే కావచ్చు, ఆ కొంతలోనే ఒక కొడుకు తిరిగి పనికి పోవడం, ఒక తల్లి తిరిగి వంట చేయడం ఉంటాయి.

ప్రభుత్వం చేసేలోగా మనం చేయగలిగినవి కూడా ఉన్నాయి. నిద్ర పట్టకపోవడం, నలుగురిలోకి రాకపోవడం, లేని మాటలు వినపడడం, చావాలని ఉందని అనడం కొద్ది రోజులపాటు కనిపిస్తే వైద్యుడికి చూపించండి. దువా చేయండి, మందు కూడా ఇప్పించండి. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలంటే 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ టెలి మానస్ సేవ ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఇమాం సాహెబులు ఒక్క జుమా బయానులో ఈ నంబరు చెప్పి, మనసు జబ్బు షైతాను పని కాదని, సిగ్గుపడవలసినది కాదని అంటే, ఎన్ని ఇళ్ల వెనుక గదుల తలుపులు తెరుచుకుంటాయో!