మాట మనదే.. చిరునామా ఏ జిల్లా?

కలకడ: వానలు దండిగా కురిసిన ఏడాది పీలేరు, మదనపల్లె ప్రాంత పల్లెల్లో ముందుగా వినిపించే మాట ‘చెరువు మొరవ పోతోంది’ అని. నిండిన చెరువు నుంచి మిగులు నీరు వెలుపలికి పోయే కట్టడమే మొరవ. దానినే నెల్లూరు వైపు కలుజు అనీ, తెలంగాణలో అలుగు, మత్తడి అనీ వ్యవహరిస్తారు. నాగలిని మడక అనడం, వరి మడిని కయ్య అనడం, ఎద్దులతో బావి నీరు తోడే మోటను కపిల అనడం ఈ సీమ వాడుకే. మోటార్లు, ట్రాక్టర్లు వచ్చాక పనిముట్లతో పాటే వాటి పేర్లూ మరుగున పడుతున్నాయి.

ఇటువంటి పదాలను భద్రపరచేందుకు అంతర్జాలంలోని తెలుగు విక్షనరీ ఒక వేదిక. ఎవరైనా పదం చేర్చవచ్చు. అయితే ‘మా ఊళ్లో ఇలాగే అంటారు’ అన్నంత మాత్రాన పరాయి ప్రాంతపు పాఠకుడు నమ్మడు. కయ్యను కయ్యానికి అచ్చుతప్పుగా భావించి దిద్దబోయినా ఆశ్చర్యం లేదు. మాండలిక పదకోశాన్ని మూలంగా చూపవలసిన అవసరం ఇక్కడే ఏర్పడుతుంది. ఈ విషయంలో తెలుగుకు లోటు లేదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి రూపొందించిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించింది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది.

చిక్కంతా పదం పక్కన వేసే జిల్లా పేరుతోనే. సి.పి.బ్రౌన్ కడపలో కొలువు చేసిన 1820లలో మదనపల్లె ప్రాంతం కడప జిల్లాలోనిది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు అందులో చేరాయి. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో కలకడ, మదనపల్లె అన్నమయ్య జిల్లాకు మారగా, పుంగనూరు, కుప్పం అప్పుడు చిత్తూరులోనే నిలిచాయి. రెండు వందల ఏళ్లలో ఒకే నేలకు మూడు జిల్లాల పేర్లు. రాజపత్రం వెలువడిన మరునాడు రైతు మడకను మరో పేరుతో పిలవడు కదా!

కనుక 1962 నాటి గ్రంథంలో ‘చిత్తూరు’ అని ఉంటే, దాని పరిధిలో నేటి కలకడ, మదనపల్లె కూడా ఉన్నట్లే. సంవత్సరం పేర్కొనకుండా ఆ పేరొక్కటే దించితే ఈ మండలాల వాడుక లెక్కలోకి రాకుండా పోతుంది. పోనీ ఈనాటి పటం చూసి ‘అన్నమయ్య’ అని మారిస్తే, గ్రంథకర్త అనని మాటను ఆయనకు అంటగట్టినట్లు అవుతుంది. రెండవది మరింత పెద్ద తప్పు. గ్రంథంలోని జిల్లా పేరును యథాతథంగా ఉంచి, గ్రంథనామం, సంపుటం, ముద్రణ సంవత్సరం, పుట సంఖ్య తెలిపి, నేటి ప్రాంతాన్ని వేరుగా వివరణలో రాయడమే సరైన పద్ధతి. వేరే వెబ్‌సైటులో కనిపించిన అర్థాన్ని తీసుకొని, చూడని గ్రంథం పేరు రాయడం తగదు. వివరణను పేరాలకు పేరాలు ఎత్తి రాస్తే కాపీహక్కు చిక్కులూ తప్పవు.

అసలు మాండలికానికి జిల్లా హద్దు కొలత కానే కాదు. కలకడ దాటి రాయచోటి బాట పడితే పాత కడప జిల్లా వస్తుంది. అక్కడి రైతు మాట ఇక్కడివారికి కొత్తేమీ కాదు. కుప్పం వైపు తమిళం, పుంగనూరు వైపు కన్నడం పలుకులో కలుస్తాయి. ఒకే జిల్లా ముద్ర కింద ఇన్ని తేడాలు ఇమడవు. అందుకే జిల్లాతో పాటు తాలూకా, ఊరు కూడా నమోదైన ఆధారాలకు విలువ ఎక్కువ.

ఏ పదకోశానికీ ఎక్కని మాటల సంగతి వేరు. వాటికి చూపడానికి మూలమే ఉండదు. ముందు ఎవరైనా సేకరించి అచ్చు వేయాలి. 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం కుప్పంలోనే ఉంది. కపిల తోలిన తరం ఇప్పటికే వృద్ధాప్యంలో ఉంది.