బరోగ్‌ను దెయ్యం కథకు వదిలేయకండి

రైల్వే బోర్డు ఛైర్మన్ గారికి,

కల్కా–సిమ్లా రైలు దారిలోని బరోగ్ అనే చిన్న స్టేషన్ గురించి తమరితో నాలుగు మాటలు చెప్పుకోవాలని ఈ లేఖ.

సిమ్లా చూడబోయే మన తెలుగువాళ్లు ఇప్పుడు బరోగ్ పేరు వినగానే ఫోన్లో వీడియో వెతుకుతున్నారు. అన్నిట్లోనూ ఒకటే కథ. కర్నల్ బరోగ్ అనే ఇంజినీరు కొండకు రెండు వైపుల నుంచీ సొరంగం తవ్వించాడట. రెండూ కలవలేదట. సర్కారు రూపాయి జరిమానా వేస్తే అవమానం తట్టుకోలేక ప్రాణం తీసుకున్నాడట. ఇప్పటికీ అక్కడే తిరుగుతున్నాడట! దాంతో బండి సొరంగంలోకి దూరగానే పెట్టెంతా కేకలు, ఈలలు.

ఒక మనిషి చావు కాలక్షేపమైపోవడం బాధాకరం. అంతకు మించిన బాధ, ఆ గోలలో అసలు పనితనం ఎవరి కంటా పడకపోవడం. దారి తప్పిన సొరంగం వేరు, మనం ప్రయాణించేది వేరు. ఇది 33వ నంబరు సొరంగం. పొడవు 1,143.61 మీటర్లు, ఆ దారి మొత్తంలో ఇదే పెద్దది. చీఫ్ ఇంజినీరు హారింగ్టన్ 1900లో మొదలుపెట్టి 1903లో పూర్తి చేయించాడు. ఖర్చు 8.40 లక్షల రూపాయలు. ఝాఝా గ్రామానికి చెందిన భల్కు అనే కొండమనిషి చేతికర్రతో రాతిని తట్టి, ఆ చప్పుడు విని, ఎటు తవ్వాలో చెప్పేవాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. సిమ్లాలో ఆయన పేరున రైలు మ్యూజియం పెట్టింది కూడా మీ శాఖే. మరి కొండ కడుపులో పలుగులు పట్టి, రాళ్లు మోసిన కూలీల పేర్లు? అవి ఏ కథలోనూ లేవు.

సొరంగం దాటగానే స్టేషన్. 5,000 అడుగుల పైన, కొండను ఆనుకుని సన్నటి ప్లాట్‌ఫాం, వాన నిలవని వాలు కప్పులు, ప్రయాణికులకు విడిది గదులు. పూర్వం బండిని ఇక్కడ భోజనాలకు ఆపేవారు. ఈ దారిలో పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. పెట్టెలు చిన్నవి, ఇంజను చిన్నది. కాబట్టి స్టేషన్ కూడా ఆ కొలతకే అమరింది, దాని అందమంతా అందులోనే ఉంది. అక్కడికి తీసుకెళ్లి ఓ పెద్ద జంక్షన్‌కు వేసే స్టీలు షెడ్డు వేస్తే ఏమవుతుందో ఊహించండి. ఆధునికీకరణ పేరుతో ఊరూరా ఒకే నమూనా దించుతున్న రోజులివి, అందుకే నా భయం.

మరో సంగతి. ఒకే లైను దారి కాబట్టి ఇక్కడ దశాబ్దాలుగా నీల్స్ టోకెన్ పద్ధతి నడుస్తూ వచ్చింది. ఈ పద్ధతిలో స్టేషన్ మాస్టరు పక్క స్టేషనుతో గంట కొట్టి మాట్లాడతారు. అటువైపు ఒప్పుకుంటేనే యంత్రంలోంచి ఇనుప గుండు బయటికొస్తుంది. దాన్ని సంచీలో వేసి, రింగుకు తగిలించి డ్రైవరుకు అందిస్తారు. అది చేతికి రానిదే బండి కదలదు. ఎదురుబండి రాదన్న భరోసా ఆ గుండే. యంత్రాలు మార్చక తప్పని రోజు వచ్చినా, బరోగ్‌లో ఆ టోకెన్ యంత్రాన్ని పనిచేసే స్థితిలో ఉంచి, నడపడం తెలిసిన సిబ్బందిని అక్కడే ఉంచండి. అద్దాల పెట్టెలో పెడితే ఆ గంట చప్పుడు ఎవరికి వినిపిస్తుంది?

2008లో యునెస్కో ఈ మార్గాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2023 ఆగస్టు వానలకు సమ్మర్‌హిల్ దగ్గర కొండ జారి పట్టాలు గాల్లో వేలాడాయి. మీ ఇంజినీర్లు రాత్రింబవళ్లు పనిచేసి దారి నిలబెట్టారు, వారికి దండాలు. అయితే కొండమీది నీటికి దారి చూపడం, పాత సున్నపు కట్టడానికి సిమెంటు పూత వేయకుండా సున్నంతోనే మరమ్మతు చేయడం, ఇవి ఏటా వానలకు ముందే జరగాలి.

బరోగ్‌లో బండి ఆగేది కొద్ది నిమిషాలే. రోజుకు ఒక్క బండినైనా అరగంట ఆపించండి. విడిది గదుల్లో ఒకదాన్ని తెరిచి, రెండు సొరంగాల పటాలు, తవ్విన పనిముట్లు, దొరికితే కూలీల హాజరు పుస్తకాలు అక్కడ పెట్టించండి. ఆ వివరాలు హిందీ, ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ రాయించండి. మావాళ్లు ఏటా బోలెడంతమంది వెళ్తున్నారు.

భవదీయుడు,
ఒక రైలు ప్రయాణికుడు