తాళం చెవి ఎవరి దగ్గరుంది?

కువైట్‌లో కన్‌స్ట్రక్షన్ కంపెనీలకి ప్రాజెక్టు కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్ పెట్టివ్వడం నా పని. అది అమ్ముడుపోతేనే నాకు జీతం. కాబట్టి ఈ మాటలు నేను రాయకూడదేమో! అయినా రాస్తున్నా, ఎందుకంటే ఇక్కడ సైట్లలో ప్లానింగ్ ఇంజనీర్లుగా, డాక్యుమెంట్ కంట్రోలర్లుగా మనవాళ్ళు చాలామందే ఉన్నారు.

"అప్‌లోడ్ చేసేశాం కదండీ, ఇంకేం భయం?" అంటారు. అసలు భయం అక్కడే మొదలు.

ఫిడిక్ నమూనాలో రాసుకున్న కాంట్రాక్టులు ఇక్కడ కొత్తేమీ కాదు. అందులో 1999 రెడ్ బుక్ తీసుకోండి. ఆలస్యానికి గడువు కావాలన్నా, అదనపు డబ్బు కావాలన్నా, సంగతి తెలిసిన 28 రోజుల్లో కాంట్రాక్టరు నోటీసివ్వాలి. దాటితే క్లెయిము గోవిందా. ఆ నోటీసు ఎలక్ట్రానిక్‌గా పంపాలంటే ఫలానా సిస్టమ్ అని టెండరు అనుబంధంలో ముందే రాసుకోవాలి. రాసుకోకుండా 27వ రోజు రాత్రి అప్‌లోడ్ చేశారనుకోండి, అది నోటీసా, ఉత్త ఫైలా? ఇక లాయర్లకి పండగే.

"కువైట్‌లో చట్టం ఉందిగా" అంటారా? ఉంది. 2014 నాటి 20వ నంబరు చట్టం ఎలక్ట్రానిక్ రికార్డుకీ, సంతకానికీ కాగితంతో సమానమైన విలువిచ్చింది. కానీ మీ కాంట్రాక్టు నోటీసు ఎలా ఇమ్మందో అలా ఇచ్చారా అన్నది వేరే ప్రశ్న. పైగా ఇక్కడి కోర్టు భాష అరబిక్. మూడేళ్ళ ఇంగ్లీషు మెయిళ్ళు అనువాదం చేయించడానికి ఎంతవుతుందో లెక్కేసుకోండి.

నన్ను ఇంకా ఎక్కువ భయపెట్టేది తాళం సంగతి. ఫాక్లాండ్ దీవుల్లో బ్రిటన్ రక్షణశాఖ కోసం కట్టే విద్యుత్ కేంద్రం విషయంలో ట్రాంట్ అనే కాంట్రాక్టరుకీ, డిజైన్ చేసే మాట్ మెక్‌డొనాల్డ్‌కీ డబ్బు దగ్గర తేడా వచ్చింది. డిజైన్లున్న సర్వరు రెండోవాళ్ళ చేతిలో ఉంది. పాస్‌వర్డులు ఆపేశారు. 2017లో ట్రాంట్ లండన్ హైకోర్టుకెళ్తే, తలుపు తెరవమని ఆదేశం వచ్చింది గానీ, 4,75,000 పౌండ్లు కోర్టులో కట్టాల్సొచ్చింది. మన చిన్న సబ్ కాంట్రాక్టరు అంత డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తాడు?

ఇక సెలవుకి ఊరెళ్తూ పక్క సీటాయనకి పాస్‌వర్డు ఇచ్చిపోవడం! మీరు పెళ్ళిలో భోజనం చేస్తుండగా ఇక్కడ కాంక్రీటు పోయడానికి మీ పేరు మీద అప్రూవల్ పడుతుంది. రేపు పగుళ్ళొస్తే సిస్టమ్ చూపించేది మీ పేరే, టైముతో సహా. మీరు ఊళ్ళో లేరని పాస్‌పోర్టు ముద్ర చెప్తుంది, నిజమే. మరి పాస్‌వర్డు ఎవరిచ్చారని అడిగితే?

అందుకే మనవాళ్ళు కనపడితే చెప్తున్నా: సెలవులో మీ బదులు చేసేవాళ్ళకి వేరే లాగిన్ రాతపూర్వకంగా అడగండి. పంపిన ప్రతి నోటీసు కాపీ, అందినట్టు వచ్చిన రసీదు వారానికోసారి కంపెనీ సర్వర్లో దాయించండి. ప్రాజెక్టు అయ్యాక లాగిన్ ఎన్నేళ్ళు తెరిచుంటుందో కాంట్రాక్టులో రాయమని మీ మేనేజరుని పోరండి. మెయిన్ కాంట్రాక్టరు ఒప్పుకోడంటారా? ఒప్పుకోనన్న ఆ మెయిలు ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి.